డప్పు తెలిసిన పిల్లలకు ఇంగ్లిష్ జాతీయాలు

పోటీ పరీక్షల గైడు ఏది తెరిచినా ఇంగ్లిష్ జాతీయాల పట్టిక ఒకటి ఉంటుంది. ఎడమవైపు ‘ఫేస్ ది మ్యూజిక్’, కుడివైపు ‘చేసినదానికి ఫలితం అనుభవించడం’. ఆ కిందే ‘ప్లే సెకండ్ ఫిడిల్’, ‘బ్లో యువర్ ఓన్ ట్రంపెట్’, ‘పుల్ అవుట్ ఆల్ ది స్టాప్స్’. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో గదులు అద్దెకు తీసుకుని చదివే పిల్లలు వీటిని ఎక్కాల్లా బట్టీ పడతారు. పరీక్ష అయిపోగానే మరచిపోతారు. అక్క పెళ్లిలో డీజే ముందు ఎగిరిన పిల్ల ‘ఐ ఫేస్డ్ ది మ్యూజిక్’ అని రాస్తే ఆ తప్పు పిల్లది కాదు, సందర్భం చెప్పకుండా అర్థం మాత్రం అంటగట్టిన పట్టికది.

సంగీతం మీద పుట్టిన ఈ మాటల్లో చాలావరకు వాయిద్యం పట్టిన చేతుల్లోంచి వచ్చాయి. వాటిని వాయిద్యం దగ్గర కూర్చోబెట్టే నేర్పాలంటాను. మన పల్లెల్లో వాయిద్యాలకు కొదవా?

‘పుల్ అవుట్ ఆల్ ది స్టాప్స్’నే తీసుకోండి. భజన హార్మోనియానికి ముందువైపు వరసగా గుండీలుంటాయి. లాగితే గాలికి దారి తెరుచుకుంటుంది, లోపలికి నెడితే మూసుకుంటుంది. పెద్ద చర్చిల్లో వాయించే పైప్ ఆర్గాన్‌కూ ఇలాంటి గుండీలే ఉంటాయి. వాటినే స్టాప్స్ అంటారు. ఒక్కోటి లాగితే ఒక్కో వరస గొట్టాలు పలుకుతాయి, అన్నీ లాగితే చర్చంతా మారుమోగుతుంది. ఉన్న సత్తువంతా పెట్టి పని చేయడమనే అర్థం దీన్నుంచే వచ్చింది. హార్మోనియం గుండీని ఒక్కసారి చేత్తో లాగి చూసిన పిల్లవాడికి ఈ మాట బట్టీ పట్టాల్సిన పని లేదు.

‘ప్లే ఇట్ బై ఇయర్’ కూడా అంతే. రాసిన స్వరాలు చూడకుండా చెవితో పట్టుకుని వాయించడం దాని మొదటి అర్థం, ముందే అనుకోకుండా సమయానికి తగ్గట్టు నడుచుకోవడం తర్వాతది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 12 మెట్ల కిన్నెర 2022లో పద్మశ్రీ తెచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి బుర్రవీణ 2024లో అదే గౌరవం తెచ్చింది. నోటి నుంచి చెవికి, చెవి నుంచి వేలికి వచ్చిన విద్యలివి. ఈ మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ గైడులో దొరుకుతుంది?

ఇక ‘బ్లో యువర్ ఓన్ ట్రంపెట్’. దీనికి మన దగ్గర ‘డప్పు కొట్టుకోవడం’ సిద్ధంగా ఉంది, టీచర్లూ అదే చెబుతారు. ఇక్కడ కాస్త ఆగాలి. డప్పుకు కర్ర చట్రం, దాని మీద బిగించిన మేకతోలు. వాయించే ముందు మంట దగ్గర కాపితే తోలు బిగుసుకుని నాదం తేలుతుంది. ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల. పీర్ల పండుగకు, బోనాలకు, చాటింపుకు, చావుకు, మోగేదంతా ఊరి కోసమే. తన గొప్ప చెప్పుకోవడానికి డప్పును భుజాన వేసుకున్నవాడు లేడు. ఊరి కబురు మోసినవాడి వాయిద్యాన్ని సొంత గొప్పలకు గుర్తుగా మార్చింది ఊరే. ఆ మాటలో కులం చూపిన చిన్నచూపు ఉంది. టీచర్ ఈ జాతీయం చెప్పేటప్పుడు డప్పు కొట్టే ఇంటి పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటుంది. దాటేయకూడదు, ఆ పిల్లనే మాట్లాడనివ్వాలి. ఒగ్గు కథలో వంత సంగతీ అంతే. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి, ప్రశ్నలేసి కథను నడిపించేది వంతే. అయినా ‘వంత పాడటం’ మనకు తిట్టే, ‘సెకండ్ ఫిడిల్’ వాళ్లకు చిన్నతనమే. జాతీయం నేర్చుకోవడమంటే అది ఎవరిని చిన్నబుచ్చుతోందో తెలుసుకోవడం కూడా.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. సైన్స్ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో అచ్చేశారు, మంచి పని. జాతీయాలకు మాత్రం అలాంటి ఎదురు పేజీ అచ్చులో కుదరదు. ఆ పేజీ ఊళ్లో ఉంది. నెలకో పీరియడ్ ఇంగ్లిష్ టీచర్ ఒక డప్పు కళాకారుణ్నో, భజన హార్మోనిస్టునో తరగతికి పిలవాలి. ఆ పూట చూసిన దాని మీద పిల్లలు ఇంగ్లిష్‌లో సొంత వాక్యాలు రాయాలి. పరీక్షలోనూ జతపరచమని కాకుండా, ఒక సందర్భం ఇచ్చి వాక్యం అడగాలి.

వచ్చినవారిని శాలువా కప్పి పంపితే చాలదు. పద్మశ్రీ వచ్చిన రెండేళ్లకే మొగులయ్య గారు భవన నిర్మాణ పనుల్లో కూలీగా కనిపించిన వార్త 2024లో అందరం చదివాం. బడికి వచ్చే కళాకారుడు ఆ పూట పని మానుకుని వస్తాడు. ఆ రోజు కూలికి తగ్గకుండా బడి నిధుల నుంచే ఇవ్వాలి, దానికి విద్యాశాఖ ఉత్తర్వు కావాలి.