దిసమొల సంఘానికీ పెద్దలు కావాలి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఐవర్ అని ఒక చిన్న ఊరు. దాని పక్కన చెట్ల మధ్య 1984 నుంచి వైట్ టెయిల్ అనే రిసార్టు నడుస్తోంది. ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరగడం ఇష్టమైన కుటుంబాలు సెలవులకు అక్కడికి వస్తాయి. కొందరు అక్కడే ఇల్లు వేసుకుని కాపురముంటారు. ఆ ఆవరణలోనే ఒక చిన్న చర్చి ఉంది. పాస్టరు బట్టల్లేకుండా వాక్యం చెబుతున్నాడని 2014లో స్థానిక టీవీ చూపించేసరికి వార్త దేశదేశాలకూ పాకింది, జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో ఒక సంగతి మరుగున పడింది. అక్కడ ఆరాధనకు బట్టలు విప్పితీరాలన్న షరతేమీ లేదు. కట్టుకునే వాళ్లు కట్టుకుంటారు, వద్దనుకునే వాళ్లు మానేస్తారు.

ఈ చిన్న సంగతే అసలు సంగతి. సింగరేణి కాలనీలో కార్మికులు చేరాక గుడీ, మసీదూ, చర్చీ వెలిసినట్టే అక్కడా జనం ముందు చేరారు, ప్రార్థన తర్వాత వచ్చింది. నగ్నత్వం వాళ్ల నివాసానికి సంబంధించింది, విశ్వాస ప్రమాణానికి కాదు. న్యూడిస్టుల మధ్య క్రైస్తవ సంఘం కట్టొచ్చా అని అడిగితే, ఈ తేడా తెలిసినంత వరకు కట్టొచ్చు. అది చెరిగిపోయిన చోట ఏం జరిగిందో చరిత్ర చాలాసార్లే చూపించింది.

ముందుగా వాళ్ల వాదన వినాలి. యేసు పుట్టింది దిసమొలతో, సిలువ మీద వేలాడిందీ అలాగే, సమాధిలోంచి లేచినప్పుడు చుట్టిన బట్టలు అక్కడే వదిలేశాడు అని వైట్ టెయిల్ పాస్టరు విలేకరులకు చెప్పాడు. బట్టలు తీసేస్తే పేదా గొప్పా తేడా పోతుందన్నది రెండో వాదన. వినడానికి బాగానే ఉంది. ఆదివారం ఇస్త్రీ తెల్లచీరల మధ్య వెలిసిపోయిన చీరతో వెనక చాప మీద కూర్చున్న ఏ తెలుగు అక్కనడిగినా ఇందులో కొంత నిజముందనే చెబుతుంది. కానీ చేతి వాచీ, బయట నిలిపిన కారు, క్యాంపులో ఎవరి ఇల్లు ఎంత పెద్దది అన్నవి బట్టలు విప్పినా కనబడుతూనే ఉంటాయి. మనిషి హోదా చూపించుకోవాలనుకుంటే దారులకు కొదవా?

బాప్తిస్మం నుంచి తెచ్చే మూడో వాదనకు మాత్రం బలముంది. తొలి శతాబ్దాల సంఘంలో విశ్వాసులు బట్టలన్నీ విప్పి నీళ్లలోకి దిగేవారు. నాలుగో శతాబ్దపు యెరూషలేము బిషప్పు సిరిల్, కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లకు చేసిన బోధలో ఆ నగ్నత్వాన్ని ఏదెనులోని ఆదాముతో పోల్చాడు. ఇటలీలోని రవెన్నా పట్టణంలో అయిదో శతాబ్దపు బాప్తిస్మశాల ఉంది. దాని గోపురం లోపల మొజాయిక్ చిత్రంలో యొర్దాను నీళ్లలో నడుం లోతున నిలబడ్డ యేసు ఒంటిమీద ఏమీ ఉండదు. అలలను గీతలుగా వేసినా శరీరం స్పష్టంగానే కనబడుతుంది. ఆ చిత్రం చూసి సిగ్గుపడమని ఆనాటి సంఘం ఎవరికీ చెప్పలేదు.

అయితే న్యూడిస్టు క్రైస్తవులు సిరిల్‌ను తలుచుకున్నంతగా డీకనెస్సులను, అంటే సంఘ పరిచారికలను, తలుచుకోరు. స్త్రీలు నీళ్లలోకి దిగేటప్పుడు వాళ్ల ఒంటికి నూనె పూయడం పురుషుల పని కాదని, ఆ పని సంఘ పరిచారికలు చేయాలని మూడో శతాబ్దపు సిరియా సంఘ నియమాలు చెబుతున్నాయి. అంటే నగ్నత్వం పాపం కాదన్న సంఘమే, ఎవరి ముందు, ఎంతసేపు, ఎవరి చేతుల్లో అన్న లెక్క కూడా వేసుకుంది. సగం సాక్ష్యమే పట్టుకొచ్చి కేసు గెలవాలనుకోవడం సరికాదు.

వాటికన్ కథ తొలి సంఘపు తీరును తిరగేసినట్టుంటుంది. సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజిలో గీసిన అంతిమ తీర్పు బొమ్మలకు, ఆయన పోయాక, 1565లో డానియెలె ద వొల్తెర్రా అనే చిత్రకారుడి చేత గుడ్డలు గీయించారు. పాపం, మంచి చిత్రకారుడే. లాగులు తొడిగినవాడన్న ఎగతాళి పేరే ఆయనకు మిగిలింది. 1994లో శుద్ధి చేసిన ఆ గోడ ముందే పోప్ రెండో జాన్ పాల్, మనిషి శరీరపు దైవశాస్త్రానికి ఈ చాపెల్ పవిత్ర స్థలమని కొనియాడాడు. ఆ శుద్ధిలో కొన్ని గుడ్డలు తీసేశారు, ఎక్కువ భాగం చరిత్రగా ఉంచేశారు.

నగ్నత్వాన్నే సువార్తగా చేసుకున్నవాళ్ల గతి వేరు. పదిహేనో శతాబ్దపు బొహీమియాలో ఆదామీయులు తాము ఏదెనులోకి తిరిగి వెళ్లామని, ఇక పాపమే అంటదని నమ్మారు. 1421లో అక్కడి సేనాని యాన్ జిష్కా సైన్యం వాళ్లను తుడిచిపెట్టింది. వాళ్ల మీద రాసిపెట్టిందంతా శత్రువులే రాశారు కాబట్టి అందులో సగం కొట్టేయాల్సిందే. కెనడాలో రష్యా నుంచి వలసొచ్చిన దుఖొబోర్లనే క్రైస్తవుల్లో ఒక చీలిక వర్గం 1903 నుంచీ ప్రభుత్వం మీద నిరసనగా బట్టలు విప్పి ఊరేగింది. 1932లో వందల మందికి మూడేళ్ల శిక్ష వేసి, పియర్స్ దీవిలో వాళ్ల కోసమే జైలు కట్టారు. ఒక గుర్తుగా మొదలైనది విశ్వాసంగా మారాక వెనక్కి రావడం కష్టం.

మన దగ్గర దిగంబరత్వం కొత్తేమీ కాదు. జుట్టే వస్త్రంగా అక్కమహాదేవి శ్రీశైలం దాకా నడిచొచ్చిన కథ తెలుగువాళ్లకు తెలిసిందే. దిగంబర జైన మునులు ఇప్పటికీ జాతీయ రహదారుల పక్కన నడుస్తూ కనిపిస్తారు. కానీ అది అన్నీ వదిలేసినవాళ్ల దారి. న్యూడిస్టు సంఘంలో ఉండేది మొగుడూ పెళ్లాలు, పిల్లలు, ఇంటి అప్పులు, పొరుగువాడితో తగాదాలు.

ఆధునిక నగ్నవాదం తొలి సంఘాల్లో ఒకటి పుట్టింది మన దేశంలోనే అంటే ఆశ్చర్యమేస్తుంది. 1891లో బొంబాయి ప్రెసిడెన్సీలో జిల్లా జడ్జి చార్లెస్ క్రాఫర్డ్ దాన్ని పెట్టాడు. మొత్తం సభ్యులు ముగ్గురు: ఆయన, ఒక మిషనరీ గారి కొడుకులు ఇద్దరు. జడ్జి గారికి రత్నగిరి బదిలీ అయింది, సంఘం మూతపడింది.

అమెరికాలో తొలి నాయకుల్లో పాస్టర్లూ ఉన్నారు. 1930ల్లో నగ్నవాద ఉద్యమానికి ముందు నిలబడినవాళ్లలో హెన్రీ హంటింగ్టన్ ప్రెస్బిటేరియన్ పాదిరి. ఇల్స్‌లీ బూన్ న్యూజెర్సీలో ఒక రిఫార్మ్‌డ్ సంఘానికి కాపరి. బూన్ నడిపిన పత్రికను తపాలా శాఖ అడ్డుకుంటే సుప్రీంకోర్టు దాకా పోరాడి 1958లో గెలిచాడు. అప్పటికే సొంత సంస్థ ఆయన్ని బయటికి పంపి ఏడేళ్లయింది. అంకుల్ డ్యానీ అని ముద్దుగా పిలుచుకున్న మనిషి మీదే, ఎవరి మాటా వినడని, అంతా తన చేతిలోనే పెట్టుకుంటాడని సభ్యులు తిరగబడ్డారు. బూన్ కొంప ముంచింది పెత్తనం, ఆయన విప్పిన బట్టలు కాదు. కాపరే సర్వస్వమైన సంఘాలు తెలుగునాట ఎన్ని చీలాయో చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

కాబట్టి న్యూడిస్టుల మధ్య సంఘం కట్టాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ లౌకిక విషయాలే. న్యూడిస్టుల మర్యాదల్లో మొదటిది తువ్వాలు. ఎవరిది వాళ్లు పరుచుకునే కూర్చోవాలి, చర్చి బల్ల మీదైనా సరే. అడగకుండా ఫొటో తీయడం తప్పు. చర్చి వాటికి తనవి కలపాలి: లెక్కలు చూడ్డానికి, కాపరిని నిలదీయడానికి సంఘ పెద్దలు, స్త్రీల ఫిర్యాదు వినడానికి స్త్రీలు, బట్టలతో వచ్చేవాడి మీద చిన్నచూపు లేకపోవడం. ఆహారం విషయంలో బలహీనమైన మనస్సాక్షి గలవాణ్ణి తొట్రిల్లజేయొద్దని కొరింథీయులకు పౌలు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పిల్లలు. 2003లో వైట్ టెయిల్‌లో కౌమార వయసు పిల్లలకు నగ్న వేసవి శిబిరం పెట్టారు. అది చర్చి పెట్టింది కాదు, నగ్నవాదుల ప్రాంతీయ సంస్థది. మరుసటి ఏడాదే, తల్లో తండ్రో తాతో అవ్వో చట్టబద్ధ సంరక్షకుడో పక్కన లేనిదే అలాంటి శిబిరం కుదరదని వర్జీనియా చట్టం చేసింది. సంస్థ కోర్టుకెక్కింది, దావా వేసే హక్కు దానికుందని 2005లో ఫెడరల్ అప్పీలు కోర్టు అంది. హక్కు సంగతి కోర్టు చూసుకుంటుంది. పెద్దవాళ్లు వెంట లేని పిల్లల్ని ఆరాధనకైనా ఆటకైనా లోపలికి రానివ్వకూడదన్న నియమాన్ని మాత్రం, చట్టసభ చెప్పేదాకా ఆగకుండా, సంఘం మొదటి సమావేశంలోనే రాసుకోవాలి.