తార్నాక ఓటు ఎవరి జేబులో?

2020 డిసెంబర్ 1న హైదరాబాద్‌లోని తార్నాక డివిజన్ ఓటరు టీఆర్ఎస్ కారు గుర్తుకు ముద్ర వేశాడు. అప్పుడు గ్రేటర్‌లోని 150 స్థానాల్లో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44 వచ్చాయి; కాంగ్రెస్‌కు దక్కినవి రెండే. తార్నాక కార్పొరేటర్ మోతె శ్రీలత 2021 ఫిబ్రవరిలో డిప్యూటీ మేయర్ అయ్యారు. 2023 చివర్లో రాష్ట్రంలో ప్రభుత్వం కాంగ్రెస్ చేతికి మారింది. 2024లో ఆమె, ఆ వెనకే మేయర్ గద్వాల విజయలక్ష్మి కాంగ్రెస్‌లో చేరారు. 2020లో రెండు సీట్లే గెలిచిన పార్టీకి నగరంలోని రెండు పెద్ద కుర్చీలూ ఓటు పడకుండానే దక్కాయి. ఫిరాయింపులను నిరోధించే రాజ్యాంగ పదో షెడ్యూల్ పార్లమెంటుకు, శాసనసభలకే పరిమితం; కార్పొరేటర్ దాని గీత దాటే ఉంటాడు.

అధికార పక్షంలో ఉంటేనే వార్డుకు నిధులొస్తాయి కదా అంటారు. నిజమే కావచ్చు, కానీ అది ఫిరాయింపుకు సమర్థన కాదు, వ్యవస్థ మీద నేరారోపణ. 1992 నాటి 74వ సవరణ పట్టణ సంస్థలకు 18 అంశాలు అప్పగించవచ్చంది. కమిషనర్‌ను మాత్రం నేటికీ సచివాలయమే పంపుతుంది. నాలా పూడిక తీయించాలన్నా పైకి చూడాల్సిన కార్పొరేటర్ కండువా మార్చక ఏం చేస్తాడు? జనానికి పట్టింపు లేదు, 2020లో పోలింగ్ 46 శాతం దాటి ఎంతో లేదు అన్నది మరో వాదన. తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో రాజకీయం రాత్రింబవళ్లు నలుగుతుంది. అయినా అక్కడి విద్యార్థుల్లో చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంటుంది. మిగతావాళ్లది నిర్లక్ష్యమే అనుకున్నా, గెలిచాక గుర్తే మారిపోతుంటే క్యూలో నిలబడమని వాళ్లకు ఏ ముఖంతో చెప్పాలి? పార్టీ మారినవారు రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు రావాలని జీహెచ్‌ఎంసీ చట్టంలో రాయడానికి శాసనసభకు అడ్డేమీ లేదు, ఫిరాయింపుల వల్ల లాభపడే పక్షమే ఎప్పుడూ అధికారంలో ఉండటం తప్ప.