ఆటల స్కాలర్షిప్పు: చదువు మాట యేమి?



ఆటలలో నేర్పుగల విద్యార్థికి ఆ నేర్పునుబట్టియే కళాశాల ఫీజు, భోజనము, బస, పుస్తకములు ఇచ్చు పద్ధతి అమెరికాలో గలదు. దీనిని ఆటల స్కాలర్షిప్పు అందురు. ఈ మాట వినిన ఏ తల్లికైనను సంతోషము కలుగును. ఐనను ఆ సహాయము బిడ్డ చదువుకొనుటకా, కళాశాలకు గెలుపు తెచ్చుటకా? ఈ ప్రశ్నను ఆ దేశపు స్త్రీలే యొకప్పుడు గట్టిగా అడిగిరి.

అచ్చటి కళాశాలల క్రీడాసంఘము 1956లో, చదువులోని ప్రజ్ఞను గాని ఇంటి పేదఱికమును గాని చూడక, ఆటనుబట్టియే స్కాలర్షిప్పులిచ్చుటకు సమ్మతించెను. ఆనాడు అవి పురుషులకే దక్కెను. 1971లో వ్యాయామవిద్య గఱపు ఉపాధ్యాయినులు విద్యార్థినుల క్రీడలకై వేఱుగా ఒక సంఘము నెలకొల్పి, అట్టి స్కాలర్షిప్పులు వలదనిరి. ఆటగత్తెలకై కళాశాలలు బేరములాడునని, చదువు వెనుకబడునని వారి భయము. స్కాలర్షిప్పు పుచ్చుకొన్న బాలికలను తమ పోటీలకు రానీయరైరి.

1973లో ఫ్లోరిడాలోని టెన్నిసు ఆటగత్తెలు కొందఱు ఇది అన్యాయమని వ్యాజ్యము వేసిరి. ప్రభుత్వద్రవ్యము పొందు విద్యాలయములు స్త్రీపురుషభేదము చూపరాదను చట్టము అంతకుముందటి యేడే, 1972 జూను 23న, వచ్చియుండెను. సంఘము తన నిషేధమును విడిచెను. పిదప వేలకొలది బాలికలు ఆటవలన కళాశాల గడప త్రొక్కిరి.

బాలికల కోరిక న్యాయమైనదే. సోదరునికిచ్చునది సోదరికి లేదనుట ధర్మము గాదు. కాని ఉపాధ్యాయినుల భయమును వట్టిది కాలేదు. 1973లోనే పురుషుల సంఘము స్కాలర్షిప్పును ఏటికేడు క్రొత్తగా ఇయ్యవలసినదిగా మార్చెను. ఆట తగ్గిన పిల్లవానికి మఱుసటి యేడు చదువుకు సొమ్ము లేకపోవచ్చును. పలు సంవత్సరములకు ఒక్కసారిగా ఇచ్చు వీలు మరల 2012లో గాని కలుగలేదు. ఉత్తర కెరొలినా విశ్వవిద్యాలయమున 18 సంవత్సరములపాటు పాఠము చెప్పని తరగతులు నడచెనని 2014లో విచారణ తేల్చెను. వానిలో చేరిన 3,100 మందికి పైబడిన విద్యార్థులలో సుమారు సగము మంది క్రీడాకారులు. వారికి మార్కులు వచ్చెను, విద్య రాలేదు.

2025 జూలై నుండి కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా ధనమిచ్చుటకును అనుమతి గలదు. సొమ్ము పెరిగినకొలది ఆ పాత ప్రశ్న మఱింత అవసరమగుచున్నది.

ఆట చదువునకు శత్రువు కాదు. అది దేహమునకు బలమును, మనసునకు ధైర్యమును, ఓటమిని ఓర్చు గుణమును ఇచ్చును. కాని పందెముల వయసు కొలదికాలమే. ముప్పది యేండ్లు దాటిన పిదపను తనంత తాను ఆలోచించుటకు, ఒక వృత్తిలో నిలుచుటకు, మంచిచెడ్డలు విచారించుటకు తోడ్పడునది విద్య. విశ్వవిద్యాలయము ఉన్నది అందులకే. హార్వర్డు, యేలు మొదలగు ఎనిమిది విద్యాలయములు ఆటకై స్కాలర్షిప్పు ఇయ్యవు. ఇంటి అవసరమునుబట్టి సహాయము చేయును. అచ్చట ఆట మానిన బిడ్డకు చదువు మానవలసిన పని లేదు.

మన దేశమునను ఆటల కోటాలో సీట్లిచ్చు కళాశాలలు గలవు. కొందఱు తెలుగు తల్లిదండ్రులు బిడ్డలను అమెరికాకును పంపుచున్నారు. అట్టి అవకాశము వచ్చినపుడు కాదనవలదు. కాని సంతకము చేయుటకు ముందు నాలుగు మాటలు అడుగుడు. ఈ సహాయము ఎన్ని యేండ్లకు? కాలు విఱిగి ఆట నిలిచినచో చదువు సాగునా? అమ్మాయి కోరిన శాస్త్రమునే చదువనిత్తురా, సాధన వేళకు కుదిరిన దానినే చదువుమందురా? పరీక్షయు పందెమును ఒకేనాడు వచ్చినచో ఏది ముందు?

వీనికి నోటిమాటతో గాక వ్రాతమూలముగా సమాధానమిచ్చు కళాశాలకే బిడ్డను పంపుడు.