గండం గడిచిందనుకున్న రోజు

నాలుగు రోజులు పెనంలా కాలిన పిల్లాడి ఒళ్లు అయిదో రోజు తెల్లారేసరికి చల్లబడుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఒకరు వాడి మెడలోని తాయెత్తును కళ్లకద్దుకుంటారు. బొప్పాయి ఆకు రసం పిండిన పిన్ని "నేను చెప్పలేదూ!" అంటుంది. ముడుపు కట్టిన అమ్మమ్మ కొండకు ప్రయాణం మాట ఎత్తుతుంది. గండం గడిచిందని అందరి నమ్మకం. డెంగీలో గండమంటూ ఉంటే అది మొదలయ్యేది సాధారణంగా ఆ పూటే.

మన రక్తనాళాలన్నిటికీ లోపలివైపు ఒకే కణం మందాన ఒక పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. ఆ కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మీద చక్కెర గొలుసులతో అల్లుకున్న జిగురు పూత ఉంటుంది. నెత్తుట్లోని నీరూ ప్రోటీన్లూ ఎంత బయటికి పోవాలో తేల్చే కాపలా ఇదే. డెంగీ వైరస్ సోకిన కణాలు ఎన్‌ఎస్1 అనే ప్రోటీనును రక్తంలోకి వదులుతాయి. ల్యాబు కాగితం మీద ‘ఎన్‌ఎస్1 పాజిటివ్’ అని మనం చదివేది దీని గురించే. ఇది ఆ పూతను ఊడగొట్టి, కణాల మధ్య పట్టు సడలించగలదని 2015 నుంచి వెలువడిన పరిశోధనలు చూపాయి. వైరస్‌తో పోరాడుతూ మన ఒళ్లే విడుదల చేసే రసాయనాలూ ఆ పనికి తోడవుతాయి.

నాళాల గోడ కూలదు, కొత్త కుండలా చెమరుస్తుంది. కొందరిలో ఆ చెమరింపు మితిమీరి, ఆ నీరూ ప్రోటీన్లూ కలిసిన ప్లాస్మా ఛాతీలోకీ పొట్టలోకీ చేరుతుంది. నాళాల్లో మిగిలిన నెత్తురు చిక్కబడుతుంది, నాడి సన్నగిల్లుతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. జ్వరం దిగినా ఒళ్లు చల్లనే, షాక్‌లోకి జారుతున్నా ఒళ్లు చల్లనే. తాయెత్తుకు ఈ రెంటికీ తేడా తెలియదు.

ఈ కారడం ఒకటి రెండు రోజులే. ఆ తర్వాత పొర దానంతటదే సర్దుకుంటుంది, జ్వరంలో తగ్గిన ప్లేట్‌లెట్లూ వాటంతటవే పెరుగుతాయి. చాలామందిలో అసలు అంతదూరమే రాదు. మహిమల వ్యాపారానికి పెట్టుబడి ఇదే. కాకి వాలింది, తాటిపండు పడింది. మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరు పెట్టారు గానీ, ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తుకు రాదు. రసం తాగి కోలుకున్నవాళ్లను లెక్కపెడతాం, తాగకుండా కోలుకున్నవాళ్లను లెక్కపెట్టం. ఆకురసంతో ప్లేట్‌లెట్ కౌంటు కాస్త ముందుగా పెరిగినట్టు కొన్ని చిన్న పరీక్షల్లో కనిపించిన మాట నిజమే. కానీ కారుతున్న గోడను అది ఆపుతుందని రుజువు కాలేదు.

లంఖణం పరమౌషధమన్న మాటనూ ఇక్కడే పరీక్షకు పెట్టాలి. నాళాల్లోంచి నీరు జారిపోతున్న మనిషికి పథ్యం పేరుతో మంచినీళ్లు, మజ్జిగ, జావ తగ్గించడం చిల్లిపడ్డ కుండకు నీళ్లు పోయడం మానేయడమే. ఆస్పత్రిలో వైద్యం కూడా ప్రధానంగా ఇదే: ద్రవం ఎంత పోతోందో చూస్తూ, ఎక్కువా తక్కువా కాకుండా కొలిచి ఎక్కించడం.

చదువుకున్నవాళ్లం తాయెత్తును చూసి నవ్వుతాం. మన తాయెత్తు ప్లేట్‌లెట్ కౌంటు. పూటపూటకీ ఆ అంకె తెలుసుకుని, యాభై వేలకు దిగిందనగానే దాతల కోసం వాట్సాప్‌లో వేడుకుంటాం. సింగపూర్, మలేషియాల్లో 372 మంది డెంగీ రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. వాళ్లందరి కౌంటూ ఇరవై వేలో, అంతకన్నా తక్కువో. తీవ్ర రక్తస్రావం లేనివాళ్లకు ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. దుష్ఫలితాలు మాత్రం ఎక్కించినవాళ్లలోనే ఎక్కువ. తీవ్రంగా నెత్తురు పోతున్నవాళ్ల సంగతి వేరు, అది వైద్యులు తేల్చేది. కానీ నెత్తురు చిక్కబడుతోందని చెప్పే పీసీవీ అంకె అదే రక్తపరీక్ష (సీబీపీ) కాగితం మీద ఉన్నా, దాన్ని అడిగే బంధువు అరుదు. కనిపించే అంకెకు మొక్కి, కనిపించని గోడను మరిచిపోవడం కొత్త మూఢనమ్మకం. పాతదానికి ఇంగ్లీషు చదువు చెప్పించామంతే.

మొక్కులు తర్వాత తీర్చుకోవచ్చు. జ్వరం దిగిన ఆ రెండు రోజులూ మాత్రం కడుపునొప్పి ఉందా, వాంతులు ఆగడం లేదా, చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందా, మనిషి మత్తుగా ఉన్నాడా అని కనిపెట్టుకుని ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆస్పత్రికి పరుగెత్తాలి. అయిదో రోజు పొద్దున ఆ ఇంట్లో ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న "ఎవరి చలవ వల్ల తగ్గింది?" అని కాదు. "పిల్లాడు ఒంటికి వెళ్లి ఎంతసేపయింది?" అని. జవాబు అయిదారు గంటలైతే, దిష్టి తీసే ఉప్పు కింద పెట్టి ఆటోను పిలవాలి.