మీ ముత్తాత పేరేమిటోయ్?

మా హనుమాన్ జంక్షన్‌ని మీకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 2001లో అర్జున్, జగపతిబాబు నటించిన సినిమాకి పెట్టింది ఈ పేరే కదా! బెజవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ... ఎటు చూసినా బస్సులే. ఎటెక్కాలో తెలీని వాళ్లకి ఆంజనేయస్వామే దిక్కు!

మొన్న టీకొట్టు దగ్గర ఓ కుర్రాడు తగిలాడు. వీరాభిమాని. 2014లో వచ్చిన ‘మనం’లో అక్కినేని, నాగార్జున, నాగచైతన్య మూడు తరాలుగా ఒకే తెర మీద కనిపించారనీ, పెద్దాయన పుట్టిన రామాపురం మన గుడివాడ దగ్గరేననీ గడగడా అప్పజెప్పాడు.

‘‘భేష్! మరి మీ ముత్తాత పేరేమిటోయ్?’’ అన్నాను.

టీగ్లాసు చేతిలోనే ఉండిపోయింది!

‘‘మాదేముందండీ, కూలి బతుకులు. మా గురించి ఎవరు రాస్తారు?’’ అన్నాడు చివరికి.

నిజమే. భూమి ఉన్నవాడికి దస్తావేజులుంటాయి. కొన్ని కులాలకి వంశం చెప్పే పిచ్చుకుంట్లవాళ్లు ఉండేవారు. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట అంటే కాటన్ దొర పేరు చెబుతాం. రాళ్లు మోసినవాళ్లలో ఒక్కడి పేరైనా మీకు తెలుసా?

కానీ తమాషా వినండి. అదే కూలీ ఓడెక్కి ఉంటే కథ వేరు! 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా, నేటాల్ చెరుకుతోటలకి వెళ్లిన కూలీల చిట్టాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసుకున్నారు. ప్రేమతో కాదు సుమా, ఒప్పందానికి కట్టేసిన మనిషిని గుర్తుపట్టడానికి! మారిషస్‌లోని మోకాలో, మహాత్మాగాంధీ సంస్థలో కూడా అలాంటి రికార్డులున్నాయి. అక్కడి తెలుగువాళ్లు వాటిల్లోనే తాతల ఊళ్లు వెతుక్కుంటారు.

వెళ్లినవాడి మునిమనవడికి కాగితం మిగిలింది. ఇక్కడున్నవాడి మునిమనవడికి నాయనమ్మ మిగిలింది!

మావాడు ఆ రాత్రే నాయనమ్మ పక్కన చేరాడు. ముత్తాత పేరు దొరికింది. కాలవ పూడిక తీసే పనికి ఈ వైపు వచ్చాడనీ తెలిసింది.

‘‘ఆయన నాన్న పేరో?’’

‘‘మా అత్తకి తెలుసురా. ఆవిడ పోయి నలభై ఏళ్లు. అప్పుడెవరూ అడగలా.’’

మర్నాడు ఆ మాట చెబుతూ కుర్రాడు తల దించుకున్నాడు.

అందుకే, ఈ ఆదివారం మ్యాటినీ మానేసి మీ ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. పేర్లు, ఊళ్లు, చేసిన పనులు ఓ నోట్‌బుక్కులో రాసుకోండి. సినిమాదేముంది, మళ్లీ రిలీజవుతుంది. ఈ కథకి ఒకటే ఆట!