మధుపర్కాల మాటేమిటి?

అనకాపల్లిలో పెళ్లి కుదిరిన ఇంటివారు ముందుగా పరుగెత్తేది బట్టల కొట్టుకే. ముహూర్తపు చీర కంచిదా, ధర్మవరందా అన్న చర్చతోనే ఒక రోజు గడుస్తుంది. జాకెట్టు మీద మగ్గం పనికి చీరతో పోటీపడే ఖర్చు. వడ్డాణం, వంకీలు, జడగంటలు సరేసరి. తీరా తాళి కట్టే వేళకు కట్టబెట్టే మధుపర్కాల వంతు జాబితాలో అట్టడుగున! మరమగ్గం మీద నేసిన పలుచటి గుడ్డ ఏదో తెచ్చి, పసుపు రాసి సరిపెడుతున్నారు.

ఇది విచారించదగ్గ విషయం. కలవారి పిల్లకైనా, లేనివారి పిల్లకైనా ఆ వేళ ఒంటి మీద ఉండేది ఆ తెల్లచీరే. పైగా వైశాఖంలో అర్ధరాత్రి ముహూర్తమైనా ఉక్క తగ్గదు. హోమం ముందు జరీ పట్టుతో చెమటలు కక్కే పిల్లకు నూలుచీర మారిస్తే ప్రాణం లేచివస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టాక (బెల్లానికి పేరుపడ్డ ఊరు, పిసరుతో ఊరుకోరు కదా!) అద్దె పాపిడిబిళ్ల జిగట కడిగేసరికి పూత పోయే ప్రమాదం కూడా ఉంది.

2021 నుంచి దశలవారీగా తప్పనిసరైన హాల్‌మార్కును నగల మీద భూతద్దంతో వెతికేవారు, 2006 నుంచి ఉన్న చేనేత ముద్ర బట్ట మీద ఉందా అని అడగరు. చేనేతకు పేరున్న పాయకరావుపేట ఈ జిల్లాలోనే ఉంది. లగ్నం పెట్టుకున్న వారంలోనే నేతగాడికి చెబితే ఎర్రంచు నూలు మధుపర్కాలు నేయడానికి వ్యవధి చిక్కుతుంది. జాకెట్టు ఖర్చులో కొంత అటు మళ్లించినా చాలు. ఆ చీర తరవాత నోములకూ, వ్రతాలకూ పనికొస్తుంది. పట్టుచీరలా బీరువాలో మడతల మీద చిరగదు.