కరెంటు ఊళ్లో గ్యాస్ గీజర్

మాది పాల్వంచ. డాబా ఎక్కితే కేటీపీఎస్ కూలింగ్ టవర్లు కనిపిస్తాయి. అలాంటి ఊళ్లో ఉండి, మొన్న సంక్రాంతి సెలవుల్లో "కరెంటు గీజర్ వద్దు, గ్యాస్ గీజర్ పెట్టిద్దాం" అన్నాను. నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "కరెంటు పుట్టే ఊళ్లో గ్యాస్ ఏందిరా?"

గొడవంతా హీటర్ రాడ్డు వల్ల మొదలైంది. చెల్లి స్విచ్ ఆపకుండానే నీళ్లు కాగాయో లేదో చూద్దామని బకెట్లో చెయ్యి పెట్టబోయింది. అమ్మ చూసి అరిచింది కాబట్టి సరిపోయింది. ఆ పూటే రాడ్డు అటకెక్కింది. "ఇంజనీరింగ్ చదువుతున్నవ్ కదా, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నాడు నాన్న.

సరే, లెక్క వేశాను. 15 లీటర్ల బకెట్‌ని 20 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే దాదాపు 0.44 యూనిట్ కావాలి. ట్యాంకులో పోయే వేడితో కలిపి అర యూనిట్ అనుకుందాం. నలుగురికి నెలకి 60 యూనిట్లు. చలికాలంలో మా మీటరు 160 దాకా తిరుగుతుంది. రెండూ కలిపితే 220. గృహజ్యోతి జీరో బిల్లేమో 200 యూనిట్ల వరకే! అదే గ్యాస్ అయితే, గీజర్ సామర్థ్యం 80 శాతం అనుకున్నా బకెట్‌కి 43 గ్రాములు చాలు. 14.2 కేజీల సిలిండర్ మాకు 80 రోజులు వస్తుంది.

డబ్బుల సంగతి పక్కన పెట్టినా, నాకు అసలు మింగుడుపడనిది ఆ కూలింగ్ టవర్లే. బొగ్గు మండించి, నీళ్లు కాచి, ఆవిరితో టర్బైన్ తిప్పితే, ఆ వేడిలో కరెంటుగా మారేది దాదాపు మూడో వంతు, కొత్త యూనిట్లలో ఇంకాస్త ఎక్కువ. మిగతాదంతా గాలిపాలు. అంత కష్టపడి చేసిన కరెంటుతో మనం మళ్లీ చేసేదేంటి? నీళ్లు కాచుకోవడం! ఫ్యానుకీ, లైటుకీ, ల్యాప్‌టాప్‌కీ కరెంటే కావాలి. వేడి నీళ్లకి మంట చాలు కదా.

అలాగని అన్నిటికీ గ్యాసే అనట్లేదు. వంటలో ఇండక్షన్ స్టవ్‌ది పైచేయి, ఎందుకంటే గ్యాస్ పొయ్యి మీద చాలా వేడి గిన్నె పక్కల నుంచి పోతుంది. మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే అన్నదీ నిజమే. రేపు డాబా మీద సోలార్ హీటర్ పెట్టించగలిగితే నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను.

కానీ ఒక్క షరతు దగ్గర మాత్రం తగ్గను. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉండకూడదు. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గితే మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే ఆ వాసన కావాలనే కలుపుతారు. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. తల తిరుగుతోందని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు.

మా గీజర్ ఇప్పుడు పెరటి గోడకి, బయట ఉంది. లోపలికి పైపు మాత్రమే వస్తుంది. దానికి ప్లంబర్ ఎక్కువ అడిగితే నాన్న బేరం ఆడబోయాడు. నేనే ఆపాను.

మీలో చాలామంది బయట రూములు తీసుకుని ఉంటున్నారు. ఈ రోజు ఇంటికెళ్లాక ఒక్కసారి బాత్రూమ్‌లోకి తొంగి చూడండి. గ్యాస్ గీజర్ లోపలే ఉంటే, ఓనర్ అంకుల్‌తో గొడవైనా సరే, బయటికి మార్పించండి. అప్పటిదాకా చన్నీళ్లే పోసుకోండి.